పెన్సిలుతో రాసిన పద్దు: దైవభయం, వినయం, ఒక కౌన్సెలింగ్ కేసు

ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. వయసు, ఊరు, సంఘం వివరాలు కొన్ని మార్చాను, కొన్ని అసలు రాయలేదు. డబ్బు ఎంతో కూడా చెప్పను. ఎక్కువా తక్కువా అన్న చర్చ మొదలైతే అసలు విషయం పక్కకు పోతుంది. నేను చాలా ఏళ్లు పాత నిబంధన, హీబ్రూ భాష బోధించి, ఇప్పుడు పాస్టరల్ కౌన్సెలింగ్ చేస్తున్నవాణ్ని. మానసిక వైద్యుణ్ని కాను. దైవభయం, వినయం అన్న మాటలను జీవితమంతా పాఠాలుగా చెప్పినవాణ్ని కాబట్టి అవి నాకు బాగా తెలుసనుకునేవాణ్ని. ఈ కేసులో ఆ తెలివే నన్ను రెండుసార్లు తప్పుదారి పట్టించింది.

నేపథ్యం

ఆమె యాభై దాటిన వితంతువు. ఒక చిన్న పట్టణంలోని సంఘంలో, స్త్రీల సమాజానికి చాలాకాలంగా కోశాధికారి. ఆ నిధి ఎలా పోగవుతుందో మన సంఘాల్లో పెరిగినవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తారు. నెలాఖరుకు డబ్బాలన్నీ చర్చికి తెచ్చి, కొలిచి, అమ్ముతారు. దానికి నెల చందా తోడు. ముసలివాళ్ల మందులకూ, ఎవరూ లేనివాళ్ల భూస్థాపనకూ అందులోంచే ఇస్తారు. సభ్యుల్లో సగానికి పైగా వేలిముద్ర వేసేవాళ్లే. పద్దు రాసేది, చదవగలిగేది దాదాపుగా ఈమె ఒక్కరే.

ఊళ్లో ఆమెకున్న పేరు ఒక్కటే: వినయం గల మనిషి. పాస్టరు గారు అదే అన్నారు, పక్కింటివాళ్లు అదే అన్నారు. ఆ మాటను నేను ప్రశ్నించకుండా కేసు కాగితం మీద రాసేసుకున్నాను.

ఆమె చెప్పిన సమస్య

ఆర్నెల్లుగా నిద్ర లేదు. కుటుంబ వైద్యుడు పరీక్షలు చేయించి, శరీరంలో పెద్దగా ఏమీ లేదని తేల్చి, తక్కువ మోతాదులో మందు రాసి, ఎవరితోనైనా మాట్లాడమని పంపాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారాల్లో మూడు నెలలుగా ఏదో ఒక వంకతో మధ్యలోనే లేచి బయటికి వెళ్లిపోతున్నారు. నా ఎదుట కూర్చుని ఆమె అన్న మొదటి మాట ఇది: "నాలో గర్వం పెరిగిపోయింది, అయ్యగారూ. అది పోయేలా ప్రార్థన చేయండి."

గర్వం నిజంగా తలకెక్కినవాళ్లు ఆ మాట చెప్పుకోవడానికి బస్సెక్కి రారు. అందుకని మూడు దారులు ఆలోచించాను. ఒకటి, ఇది కుంగుబాటు కావచ్చు. అది వైద్యుడు చూసుకుంటున్నాడు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని సూటిగా అడిగాను, లేవన్నారు. రెండు, ప్రతి చిన్నదాన్నీ పాపంగా లెక్కగట్టుకునే అతి పాపభీతి. మూడు, మనసులో నిజంగానే ఏదో దాగి ఉండటం. ఈ మూడోదాన్ని అట్టడుగున పెట్టాను. 'వినయం గల మనిషి' అన్న ముద్ర నా చేత ఆ పని చేయించింది.

మొదట చేసింది

అతి పాపభీతి అనుకున్నాక నేను చెప్పేది దాదాపు ఎప్పుడూ ఒకటే. సామెతలు 1:7లో మనం చదివే "యెహోవాయందు భయభక్తులు" అన్నచోట హీబ్రూలో రెండు మాటలు లేవు, ఉన్నది ఒకటే: యిర్‌ఆ. శత్రువును చూసి గుండె జారినా ఆ ధాతువే, దేవుని ఎదుట తల వంచినా ఆ ధాతువే. మన అనువాదకులు ఒక మాటను రెండు చేసి జంటగా నిలబెట్టారు, చక్కగానే చేశారు. నేను మాత్రం ఆ జంటను విడదీశాను. "భయాన్ని వదిలేయండి అమ్మా, భక్తిని ఉంచుకోండి. దేవుడు భయపెట్టేవాడు కాడు" అన్నాను. రాత్రి పడుకునే ముందు చదువుకోమని 131వ కీర్తన ఇచ్చాను. తల్లి ఒడిలో పాలు విడిచిన బిడ్డలా ప్రాణం నిమ్మళించడం గురించిన మూడు వచనాల చిన్న కీర్తన అది. నిద్ర పట్టనివాళ్లకు ఇంతకన్నా మంచిది ఇంకేముంటుంది అనుకున్నాను.

నాలుగు రాత్రులు ఆమె హాయిగా నిద్రపోయారు. ఫోనులో ఆ మాట విని, నోట్సులో 'మెరుగు' అని రాసుకున్నాను.

అయిదో రోజున సమాజంలోని ఒక ముసలామె మందుల చీటీ పట్టుకుని ఆమె గుమ్మంలోకి వచ్చింది. పెట్టెలో డబ్బు లేదు. "వచ్చే వారం చూద్దాం అక్కా" అని పంపేశారు. ఆ రాత్రి నుంచి మళ్లీ నిద్ర లేదు. తరువాతి సమావేశానికి గుడ్డసంచిలో పొడుగాటి పద్దు పుస్తకం తెచ్చారు.

ఆ పుస్తకం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. నీలి సిరాతో గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. మధ్యమధ్య ఏడు వరుసలు మాత్రం పెన్సిలుతో ఉన్నాయి. తేదీ, అంకె, పక్కన 'చేబదులు' అన్న ఒక్క మాట. పేరు లేదు. తీసుకున్నది ఒక సంఘపెద్ద. ఈమె భర్త చనిపోయినప్పుడు శవపేటిక కొన్నదీ, పిల్లవాణ్ని హాస్టల్లో చేర్పించినదీ ఆయనే. ఆమెకు సొంత అన్నలాంటివాడు. రెండేళ్లలో ఏడుసార్లు తీసుకున్నాడు, పెన్సిలుతో రాయించాడు. ఒక్కసారి గుర్తు చేస్తే నవ్వుతూ, "నీలాంటి వినయం గల మనిషికి ఈ లెక్కల గొడవ ఎందుకమ్మా?" అన్నాడట.

అప్పుడు నాకు అర్థమైంది. ఆయనను అడగాలన్న ఆలోచన వచ్చిన ప్రతిసారీ ఆమె దానికి గర్వం అని పేరు పెట్టుకుంటున్నారు. పోగొట్టమని నా దగ్గరికి తెచ్చింది ఆ ఆలోచననే. నా వైద్యం దాన్ని పోగొట్టింది కూడా, నాలుగు రోజుల పాటు.

"దేవునికి భయపడనక్కరలేదని మీరే చెప్పారుగా అయ్యగారూ. అయితే ఊరుకున్నా ఏమీ కాదులే అనుకున్నాను. అందుకే నిద్ర పట్టింది."

131వ కీర్తన కూడా అలాగే పనిచేసింది. "నాకు అందనివాటియందైనను గొప్పవాటియందైనను" తాను చొరబడనని కీర్తనకారుడు అంటాడు. ఆమెకు అందని ఆ గొప్ప విషయాలు సంఘపెద్ద లెక్కలు. ఇంటి గోడ మీది క్యాలెండరులో మీకా 6:8 ఉందని కూడా అప్పుడే చెప్పారు. అందులో ఆమె నోటికి వచ్చింది చివరి ముక్క, "దీనమనస్సు కలిగి" ప్రవర్తించడం. దానికన్నా ముందు న్యాయంగా నడుచుకోవడం, కనికరాన్ని ప్రేమించడం ఉన్నాయి. వరుసలో న్యాయమే మొదటిది.

రెండో పొరపాటు

నాకు కోపం వచ్చింది. పెద్దరికం చేసేవాడు పిడికెడు బియ్యం డబ్బు తీసుకోవడం ఒక ఎత్తు, అడగబోయిన నోటిని వినయం పేరుతో మూయించడం ఇంకొక ఎత్తు. ఆ కోపంలోనే రెండో సమూయేలు 12వ అధ్యాయం తీసి, దావీదు రాజు చేసిన అన్యాయాన్ని ముఖాన నిలబడి చెప్పిన నాతాను కథ చెప్పాను. పేదవాడి గొర్రెపిల్ల, దావీదు ఆగ్రహం, "ఆ మనుష్యుడవు నీవే" అన్న మాట, అంతా బాగా రక్తి కట్టించాను. నిండు కూడికలో పుస్తకం తెరిచి అడగమన్నాను.

ఆమె కొంగు సర్దుకుని, "నాతాను ప్రవక్త అయ్యగారూ. నేను పదో తరగతి తప్పినదాన్ని" అని వెళ్లిపోయారు. మూడు వారాలు రాలేదు.

ఆ మూడు వారాలూ రెండు ప్రశ్నలతో గడిపాను. నేనే వెళ్లి ఆ పెద్దమనిషితో మాట్లాడితే? ఆమె నాతో చెప్పుకున్నది గోప్యం, అది మొదటి అడ్డు. అంతకన్నా పెద్దది, నేను వెళితే ఆమె తరఫున ఇంకొక మగ పెద్దమనిషి మాట్లాడినట్టవుతుంది. ఆమె మళ్లీ మూలన నిలబడిపోతారు. వద్దనుకున్నాను. అయితే ఒక హద్దు పెట్టుకున్నాను: ఎవరికైనా వైద్యం ఆగే పరిస్థితి వస్తే, ఆమె అనుమతి అడిగి పాస్టరు గారికి చెప్పాలి. ముసలామె మందులు ఈలోపు వేరే దారిలో సర్దుబాటయ్యాయి.

రెండో ప్రశ్న: నాతాను ఎందుకు పనిచేయలేదు? నాతాను మాటలు ఆమెకు కావాలా, నాకు కావాలా అని చూసుకుంటే, నాకే కావాలి. ఆ పెద్దమనిషికి నేను చెప్పాలనుకున్న మాటను ఆమె నోటితో చెప్పించబోయాను. వినయాన్ని వాడుకుని ఆమె నోరు మూయించినవాడికీ, ధైర్యం పేరు చెప్పి ఆమె నోరు వాడుకోబోయిన నాకూ మధ్య నేననుకున్నంత దూరం లేదు.

ఇక్కడ ఒక పక్కమాట. హీబ్రూలో వినయానికి వాడే అనావా, పేదవాణ్ని పిలిచే అనీ, అణచివేయడం అనే అర్థం గల క్రియ, అన్నీ ఒకే మాటల కుటుంబం. ఐగుప్తీయులు ఇశ్రాయేలును అణచిపెట్టారన్న చోటా, శారయి తన దాసి హాగరును బాధపెట్టిందన్న చోటా కనిపించేది ఆ క్రియే. అంటే ఒక మనిషి ఇంకొక మనిషికి బలవంతాన అంటగట్టే 'వినయం' ఎలా ఉంటుందో ఆ భాషకు తెలుసు. హాగరు కథ ఈ కేసుకు అతికినట్టు సరిపోతుందనిపించింది. కాని ఆదికాండం 16లో దూత హాగరును తిరిగి వెళ్లి యజమానురాలి చేతికింద అణిగి ఉండమంటాడు, అదే ధాతువుతో. ఆ సగం దాచి మిగతా సగం చెబితే అది మోసం. మొత్తం చెబితే, ఆమె ఉన్న స్థితిలో పట్టుకునేది ఆ రెండో సగాన్నే. అందుకే ఆ కథను పక్కన పెట్టాను.

పనిచేసింది

వైద్యుడి మాట మీద ఆమె మళ్లీ వచ్చారు. ఈసారి నేను ఏమీ బోధించలేదు. 'దేవునికి భయపడు' అన్నది వట్టి సూక్తిగా కాకుండా ఒక ఫలానా పనికి ముడిపడి ఎక్కడెక్కడ వస్తుందో ఆ మూడు వారాల్లో వెదికాను. లేవీయకాండంలో "నీ దేవునికి భయపడవలెను" అన్న ఆజ్ఞ ఐదుసార్లు వస్తుంది: 19:14, 19:32, 25:17, 25:36, 25:43. ఆ ఐదు వచనాలనూ చేత్తో రాసుకురమ్మన్నాను. కాగితాన్ని నిలువుగా రెండు గళ్లు చేసి, ఎడమవైపు వచనం, కుడివైపు అందులోని మనిషి తనకు తెలిసినవాళ్లలో ఎవరో రాయమన్నాను. ఉపన్యాసం కన్నా గళ్ల కాగితాన్ని ఎక్కువ నమ్మే మనిషి ఆమె. చాలా ఏళ్ల పద్దు చేసిన చేయి అది.

వారం తరువాత కాగితం తెచ్చి ముందుగా ఒక ప్రశ్న అడిగారు. "ఇక్కడ భక్తి లేదేమిటి అయ్యగారూ? ఉత్త భయమే ఉంది."

నిజమే. సామెతల్లో 'భయభక్తులు' అన్న మన తెలుగు బైబిలు, ఇక్కడ "చెవిటివాని తిట్టకూడదు, గ్రుడ్డివానియెదుట అడ్డమువేయకూడదు, నీ దేవునికి భయపడవలెను" అని విడిగా, నిఖార్సుగా అంటుంది. ఇన్నేళ్లు బోధించినా నేను ఆ తేడా పట్టించుకోలేదు.

కుడివైపు గడిలో ఐదు వచనాలకూ ఆమె మనుషుల్ని రాశారు. నెరసిన తలకు ఎదురుగా మందుల చీటీ ముసలామె. వడ్డీ తీసుకోకూడని పేద సహోదరుడికి ఎదురుగా సంతలో కూరగాయలు అమ్మే ఒకామె. అన్నిటికన్నా పైన, గుడ్డివాని ముందు అడ్డం వేయవద్దన్న వచనానికి ఎదురుగా ఒకే మాట: 'వేలిముద్రలు'.

అదేమిటని అడిగాను. "నెలనెలా పుస్తకం తెరిచి చూపిస్తాను, వాళ్లు ముద్ర వేస్తారు. పెన్సిలేదో సిరా ఏదో వాళ్లకు తెలియదు. నా కళ్లతోనే చూస్తున్నారు కదా" అన్నారు.

ఫ్రాన్సులోని త్రోయ్ పట్టణంలో 1040–1105 మధ్య జీవించిన యూదు వ్యాఖ్యాత రాషి ఈ వచనానికి రాసిన వ్యాఖ్య నాకు తెలుసు. గుడ్డివాడంటే ఫలానా విషయంలో చూపు లేనివాడు, అలాంటివాడికి తప్పుడు సలహా ఇవ్వడమే అడ్డం వేయడం అంటాడు. మరి చివర్లో దేవుని భయం ఎందుకు? నీ ఉద్దేశం మంచిదో చెడ్డదో బయటివాళ్లకు తెలిసే దారి లేదు, అది నీ గుండెకు అప్పగించిన సంగతి, అందుకని. ఆ వ్యాఖ్య ఆమెకు చదివి వినిపించాను. "ఆయన కూడా పద్దు రాసేవాడా?" అని అడిగారు.

అక్కడి నుంచి కేసు కదిలింది. ఐదింటిలో నాలుగు చోట్ల ఒకవైపు బలం తక్కువైన మనిషి సూటిగా కనిపిస్తాడు: వినలేనివాడు, చూడలేనివాడు, ముసలివాడు, అప్పుపడినవాడు, కూలికి అమ్ముడుపోయినవాడు. అతనికి ఏం జరిగినా అడిగే నాథుడు ఉండడు. సరిగ్గా ఆ ఖాళీలోకి దేవుని భయం వచ్చి నిలబడుతుంది. నేను మొదటి రోజున ఆమె దగ్గర నుంచి తీసేసింది ఆ ఒక్క ఆసరానే. భయాన్ని భక్తిగా పలచన చేస్తే, వినడానికి బాగుంటుంది. వేలిముద్రల పక్షాన నిలబడేది ఏదీ మిగలదు. నిర్గమకాండం 20:20లో మోషే "భయపడకుడి" అని, ఆ శ్వాసలోనే దేవుని భయం మీకు కలగడానికే ఇదంతా అంటాడు. ఒకే ధాతువు ఒకే వాక్యంలో రెండుసార్లు, ఒకటి పోవాల్సిన భయం, ఇంకొకటి ఉండాల్సిన భయం. ఆమెలో ఆ రెండూ ఒక్కటిగా అతుక్కుపోయి ఉన్నాయి. రెండిటినీ కలిపి ఊడబెరికాను.

ఫరో మాట కాదన్న మంత్రసానులు షిఫ్రా, పూయాల కథ ఆమెకు ముందే తెలుసు. "దేవునికి భయపడి" మగపిల్లల్ని బతకనిచ్చారు. రాజు పేరు అక్కడ లేదని, మంత్రసానుల పేర్లు ఉన్నాయని మాత్రం కొత్తగా గమనించి, కాసేపు తన పద్దు పుస్తకం వైపు చూశారు.

ఒక చిక్కు ఇంకా మిగిలింది. అన్నలాంటి మనిషిని అడగడం అహంకారం కాదా? ఇక్కడ రెండు చోట్లకు వెళ్లాం. సంఖ్యాకాండం 12లో సొంత అక్క మిర్యాము, అన్న అహరోను మోషేను తప్పుపడతారు. భూమి మీద అందరికన్నా మిక్కిలి సాత్వికుడు, హీబ్రూలో అనావ్, అన్న మాట అక్కడే వస్తుంది. ఆ అధ్యాయంలో మోషే తనను సమర్థించుకోడు. అతను దేవునితో పలికేది ఒక్కటే, అందుకు కుష్ఠు సోకిన మిర్యామును బాగుచేయమన్న ప్రార్థన, హీబ్రూలో ఐదు మాటలు. అదే మోషే నిర్గమకాండం 32లో జనం కోసం దేవునితోనే వాదించి, క్షమించకపోతే నువ్వు రాసిన గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్యమంటాడు. తన పరువు దగ్గర మౌనం, మందివాళ్ల ప్రాణం దగ్గర నోరు. రెండోది అబ్రాహాము. ఇంతమంది నీతిమంతులుంటే సొదొమను నాశనం చేయవద్దని దేవునితో యాభైమంది దగ్గర మొదలుపెట్టి పదిమంది దాకా బేరమాడుతూ, రెండోసారి అడిగేటప్పుడే తాను ధూళినీ బూడిదనూ అంటాడు. హీబ్రూలో అఫర్, ఏఫెర్, పలకడానికి జంటగా ఉండే మాటలు. బూడిదనని ఒప్పుకున్నాక కూడా ఇంకో ఐదుమందిని తగ్గించమని అడుగుతూనే ఉన్నాడు.

దీన్నిబట్టి ఒక పని పెట్టుకున్నాం. ఆయనతో చెప్పాల్సిన మాటలన్నీ కాగితం మీద రాసి, తన బాధ గురించినవి కొట్టేయాలి, ముద్ర వేసేవాళ్ల గురించినవి ఉంచాలి. నేను ఒక చిత్తుప్రతి రాసిచ్చాను. ఆమె మర్యాదగా తీసుకుని, ఇంటికెళ్లి దాన్నీ కొట్టేశారు. చివరికి ఆయన ఇంటికి వెళ్లి చెప్పింది ఇది: "అన్నయ్యా, పెన్సిలుతో రాసినవి ఈ ఆదివారం సిరాతో రాస్తున్నాను, పేరుతో. నేను తప్పు రాసి ఉంటే దిద్దడానికి మీరు పక్కన ఉండాలి."

ఆమె ఒంటరిగా ఉండకూడదని మాత్రం పట్టుబట్టాను. సమాజంలో చదువొచ్చిన ఇంకొకామె ఆ రోజు పక్కన కూర్చుంది. ఆయన వచ్చాడు. రెండు వరుసల మీద వాదించాడు. ఒకదాంట్లో ఆయన చెప్పిందే నిజమని తేలితే, ఆమె అక్కడికక్కడే కొట్టేశారు. మిగిలిన ఆరూ సిరాలోకి వచ్చాయి.

ఏం జరిగింది, ఏం జరగలేదు

డబ్బు కొంత వాయిదాల్లో వచ్చింది, కొంత ఇంకా రావాలి. మరుసటి ఏడు ఆమెను కోశాధికారిగా ఎన్నుకోలేదు. ఆ పెద్దమనిషి ఇంటి ఆడవాళ్లు ఆమెతో మాట్లాడటం మానేశారు. నిద్ర మెల్లగా దారికొచ్చింది, వైద్యుడు మందు తగ్గించాడు. అందులో మందు పాలెంత, మా మాటల పాలెంత అని విడదీసి చెప్పలేను.

నా పద్ధతిలో మారినవి రెండు. ఎవరైనా 'నాలో గర్వం' అంటే, ఏ ఆలోచన వచ్చినప్పుడు ఆ మాట తోస్తుందో, ఆ ఆలోచనలో ఇంకెవరున్నారో ముందుగా అడుగుతున్నాను. 'దేవుడంటే భయం' అంటే, దాన్ని వెంటనే తగ్గించే పని పెట్టుకోకుండా, ఆ భయం ఎవరి వైపు చూపిస్తోందో కనుక్కుంటున్నాను. అతి పాపభీతి నిజంగా ఉన్నవాళ్లు వేరే. వాళ్లను లేవీయకాండం చేతికిచ్చి పంపకూడదు, వైద్యుడితో కలిసి పనిచేయాలి.

ప్రభువు బల్ల దగ్గరికి మాత్రం ఆమె ఆ ఆదివారం కూడా వెళ్లలేదు. లెక్క తేలింది కదా, ఇంకా ఎందుకని నాకు అర్థం కాలేదు. చివరి సమావేశంలో చెప్పారు.

"పెన్సిలుతో రాయమని ఆయన చెప్పలేదు అయ్యగారూ. సిరాతో రాస్తే గొడవవుతుందని నాకే తోచింది. పెన్సిలు మా పిల్లవాడి పెట్టెలోది."

పైన 'పెన్సిలుతో రాయించాడు' అని రాశాను. నా నోట్సులో మూడుచోట్ల అలాగే ఉంది, అందుకే మార్చకుండా ఉంచాను. పాత కాగితాలన్నీ తిరగేశాను. ఆమె ఆ మాట ఎప్పుడూ అనలేదు, నేను అనుకుని రాసుకున్నదే. ఆ రోజు ఇద్దరం 130వ కీర్తన నాలుగో వచనం చదివాం. జనులు నీయందు భయభక్తులు నిలుపునట్లు నీ యొద్ద క్షమాపణ దొరుకును అని ఉంటుంది అక్కడ. ముందు క్షమాపణ, దాని వెనుక భయం. ఆమె వేలు పెట్టి రెండుసార్లు చదివి, ప్రభువు బల్ల ఇచ్చే మొదటి ఆదివారం ఈసారి ఏ తేదీనో అడిగారు.